శిబి తొడ, ఎలుక ప్రాణం

శిబి కథ చెబుతుండగా పెద్దవూర విద్యార్థి ఒకడు నన్నడిగాడు: "పెట్టెలో పామును పెంచేవాడు దానికి ఎలుకను వేస్తాడు గదా సార్, అది దయా, హింసా?"

వరిచేలో పాము ఎలుకను పడితే అందులో పాపపుణ్యాల ప్రసక్తి లేదు. ఎలుకకు పారిపోయే దారి ఉంది. పాముకు పస్తుండే ప్రమాదం ఉంది. పెట్టెలో ఆ దారిని మూసినవాడు మనిషి. అక్కడ బతికిన ఎలుకను వదలి, "ఇది ప్రకృతి ధర్మం" అనడం ఆత్మవంచన. పైగా మూలకు చిక్కిన ఎలుక తిరగబడి పామునే కరవవచ్చు. అందుకే తెలిసినవారు బాధ లేకుండా ముందే చంపిన ఎలుకనే పెడతారు. గడ్డకట్టించి నిల్వచేసినదైతే పూర్తిగా కరిగించి, గోరువెచ్చగా చేసి, పొడవాటి పటకారుతో అందిస్తారు. అది పాము నడుము లావును పెద్దగా మించకూడదు. మందు తిన్న పొలం ఎలుక అసలే పనికిరాదు.

ఇంతతో సమస్య తీరిందా? శిబి డేగ ఆకలిని కాదనలేదు. పావురాన్ని కాపాడిన వెలను తన తొడకోసి చెల్లించాడు. పెంపకందారు చెల్లించే వెల మాత్రం ఎలుక ప్రాణం!

నాగుపామును, జెర్రిపోతును ఇంట పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. గాయపడి సంరక్షణకు చేరిన పాముకు తిండి పెట్టక తప్పదు. వినోదానికి బంధించినవాడి నోట ఆ "తప్పదు" అన్న మాట చెల్లదు.