బావరి దగ్గర లేని ఐదు వందలు



మొన్నటి వీడియోలో కొండగట్టు దీక్ష లెక్క చెప్పుకున్నాం కదా. చైత్ర పౌర్ణమి, అంటే చిన్న జయంతి రోజు మాల వేసుకుంటే వైశాఖ బహుళ దశమి నాటికి, పెద్ద జయంతికి, నలభై ఒక్క రోజులు. వీడియోలో టైం సరిపోక చెప్పని మాట ఒకటుంది. ఆ నలభై ఒక్క రోజుల మధ్యలోనే వైశాఖ పౌర్ణమి వస్తుంది. బుద్ధ పౌర్ణమి. కాషాయం కట్టి, ఒంటిపూట తిని, చన్నీళ్లు పోసుకుని, నేల మీద పడుకునే మన స్వాములందరూ ఆ రోజు కూడా దీక్షలోనే ఉంటారు. బౌద్ధంలో అష్టశీలాలు అని ఉన్నాయి: మధ్యాహ్నం దాటాక తినకూడదు, బ్రహ్మచర్యం పాటించాలి, అలంకారాలు వద్దు, మెత్తటి ఎత్తైన పడక వద్దు. చదివితే మన దీక్ష నియమాలకు చుట్టాల్లా ఉంటాయి.

ఆ వీడియో అయ్యాక జగిత్యాల వైపు తమ్ముడు ఒకతను కలిసి అడిగాడు. ఐటీలో చేస్తాడు. "అన్నా, కొండగట్టు దిక్కు మాకు రెండెకరాలున్నది. విపశ్యనకు పోయొచ్చిన. అసొంటిదే ఒక ధ్యాన కేంద్రం ఊర్ల పెడదామనుకుంటున్న. ఆళ్లు ఒక్క రూపాయి తీసుకోలే. మరి ఎట్ల నడుస్తదన్నా?"

చాలా మంచి ప్రశ్న. ధ్యానం గురించి అడిగేవాళ్లు వందమంది ఉంటారు. ఆ ధ్యానం చేసుకునే చోట పొద్దున్నే పొయ్యి ఎవరు వెలిగిస్తారు అని అడిగేవాళ్లు తక్కువ. ఈ ప్రశ్నకు పాత కథ ఒకటుంది, అదీ మన గోదావరి ఒడ్డుదే.

సుత్తనిపాతం అనే చాలా పాత బౌద్ధ గ్రంథంలో చివరి భాగం బావరి అనే బ్రాహ్మణుడి కథతో మొదలవుతుంది. ఆయన కోసల దేశం నుంచి దక్షిణాపథానికి వచ్చి, అశ్మక రాజ్యంలో గోదావరి ఒడ్డున ఆశ్రమం కట్టుకున్నాడు. ఆ చోటు నిర్మల్ జిల్లా ఖానాపూర్ దగ్గర గోదావరి మధ్యలో ఉన్న బాదనకుర్తి అని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. ఎందుకొచ్చాడట? ఏమీ లేకుండా ఉండటం అనే స్థితిని సాధించాలని. గింజలు ఏరుకుని, పండ్లు తిని బతికాడు. పక్కన పెద్ద ఊరు ఒకటి పెరిగింది. ఆ ఊరి నుంచి వచ్చిన ఆదాయంతో మహాయజ్ఞం చేసి, ఉన్నదంతా దానం చేసేశాడు.

యజ్ఞం ముగించుకుని ఆశ్రమంలోకి వచ్చాడో లేదో, ఇంకో బ్రాహ్మణుడు దిగాడు. పగిలిన కాళ్లు, పాచి పళ్లు, తల నిండా దుమ్ము. "ఐదు వందలు ఇవ్వు" అన్నాడు. బావరి చేతులు జోడించి, "నా దగ్గర ఉన్నదంతా ఇచ్చేశానయ్యా, క్షమించు" అన్నాడు. అతను ఊరుకోలేదు. ఏడు రోజుల్లో నీ తల ఏడు ముక్కలవుతుందని శపించాడు.

ఇక్కడ ఆగి చూడండి. ఏమీ లేని స్థితి కోరి వచ్చిన మనిషి, నిజంగానే చేతిలో ఏమీ లేని రోజున తిండి మానేశాడు. శుష్కించిపోయాడు. ధ్యానంలో కూడా మనసు నిలవలేదు అని ఆ గ్రంథమే చెబుతుంది. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చేది ఈ ముక్క. ఎంత పెద్ద సాధకుడైనా ఆశ్రమం నడిపేవాడికి ఐదు వందల బెంగ ఉంటుందని దాచకుండా చెప్పారు వాళ్లు.

తర్వాత ఒక దేవత వచ్చి, "ఆ వచ్చినవాడు డబ్బు కోసం వేసిన వేషం, తల గురించి అతనికేమీ తెలియదు, తెలిసినవాడు బుద్ధుడు" అని చెబుతుంది. బావరి తన పదహారు మంది శిష్యుల్ని పంపిస్తాడు. పైఠాన్, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, సాకేతం, శ్రావస్తి మీదుగా మగధ దాకా నడిచారు. తల అంటే అజ్ఞానం, దాన్ని పగలగొట్టేది జ్ఞానం అని బుద్ధుడు చెప్పాడు. శాపం భయం అక్కడితో పోయింది. పదహారు మందీ తలా ఒక ప్రశ్న అడిగారు. బుద్ధుడి ధర్మం మన నేలకు ఆ దారినే వచ్చిందని చెప్పుకుంటారు.

నేల మీద ఆనవాళ్లు మాత్రం కళ్లముందే ఉన్నాయి. పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో శాతవాహన కాలపు స్తూపం ఉంది. ఆ రాతి పలకల మీద పడగ విప్పిన ముచిలింద నాగరాజును చెక్కారు. వానలో కూర్చున్న బుద్ధుడికి పడగ పట్టిన నాగుడు ఆయన. మనవాళ్లు చూడగానే ఆదిశేషుడు గుర్తొస్తాడు. కొండగట్టు ఉన్న జగిత్యాల జిల్లాలోనే, గోదావరి ఒడ్డున కోటిలింగాల ఉంది. తొలి శాతవాహన రాజు సిముకుడి నాణేలు దొరికింది అక్కడే. కొండగట్టుకు మొక్కు తీర్చుకోవడానికి వెళ్లినప్పుడు ఒక పూట ఎక్కువ పెట్టుకుని ఇవీ చూసి రండి.

సరే, తమ్ముడి ప్రశ్నకొద్దాం. కొండగట్టు కొండ మీద బౌద్ధ కేంద్రం కోసం వెతక్కండి. మన వైపు ఇలాంటివి ఎక్కడున్నాయంటే నిజామాబాద్ జిల్లా ఎడపల్లి మండలం పోచారంలో ధమ్మ నిజ్ఝాన, సంగారెడ్డి దగ్గర కొండాపూర్‌లో ధమ్మ కొండఞ్ఞ, హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీద 1976లో మొదలైన ధమ్మఖేత్త. ఇవన్నీ సత్యనారాయణ గోయెంకా గారి పరంపరవి. ఆయన మాండలేలో పుట్టిన మార్వాడీ, ఛాందస హిందూ కుటుంబం. భరించలేని తలనొప్పితో 1955లో సయాజీ ఊ బా ఖిన్ దగ్గరికి వెళ్లారు. ఆ గురువు సన్యాసి కాదు, బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్! తలనొప్పి కోసమైతే రావద్దని ముందు తిప్పి పంపారట. గోయెంకా గారు 1969లో ఇండియా వచ్చి నేర్పడం మొదలుపెట్టారు. 2013లో వెళ్లిపోయారు.

అక్కడి పద్ధతి ఇది. పది రోజుల కోర్సు. పొద్దున్న నాలుగింటికి గంట, రాత్రి తొమ్మిది దాకా. ఫోన్ అప్పజెప్పాలి, పదో రోజు దాకా మౌనం. గదికి, భోజనానికి, బోధనకు ఫీజు లేదు. కోర్సు పూర్తి చేయనివాళ్ల దగ్గర విరాళం కూడా తీసుకోరు. నేర్పేవాళ్లకు జీతం లేదు. వంటింట్లో కూరగాయలు తరిగేది, గంట కొట్టేది, బాత్రూం బల్బు మార్చేది ఇంతకుముందు కోర్సు చేసి సేవకు వచ్చినవాళ్లే.

అంటే మీరు తినే అన్నం ముందెవరో పెట్టిపోయింది. మీరు పెట్టేది తర్వాత వచ్చే ముక్కూమొహం తెలియనివాడికి. తిన్నదానికి బిల్లు కట్టేస్తే లెక్క తేలిపోతుంది, 'నా డబ్బుకు తగ్గ సౌకర్యం ఏదీ' అనే అధికారం కూడా వస్తుంది. ఇక్కడ ఆ అధికారం ఉండదు. పది రోజులు భిక్షువులా ఒకరి దానం మీద బతకాలి. నెలకు లక్ష సంపాదించే కుర్రాడికి మోకాళ్ల నొప్పికన్నా ఇదే కష్టం అని నేను అనుకుంటాను. వీకెండ్‌కు ఇరవై వేలు తీసుకునే రిసార్ట్ 'రిట్రీట్'లు కూడా ఉన్నాయి, పొరుగు రాష్ట్రాల్లో బోలెడు. అక్కడ మనశ్శాంతి దొరకదని అనను. కానీ అక్కడ మీరు కస్టమర్.

మరి ఒక్క దానం మీద శతాబ్దాలు నడుస్తుందా? మన గోదావరే పైన నాసిక్ దగ్గర పుడుతుంది కదా, అక్కడి గుహల్లో ఉషవదాతుడు అనేవాడు సుమారు 1900 ఏళ్ల కిందట వేయించిన శాసనం ఉంది. భిక్షువుల కోసం 3000 కార్షాపణాలు ఇచ్చాడు. చేతికివ్వలేదు, సాలెవాళ్ల శ్రేణుల దగ్గర డిపాజిట్ చేశాడు. 2000 ఒక శ్రేణిలో నూటికి నెలకు ఒకటి వడ్డీకి, 1000 ఇంకో శ్రేణిలో ముప్పావు వడ్డీకి. అసలు ముట్టకూడదు. 2000 మీద ఏడాదికి 240 వడ్డీ వస్తుంది, దాంతో వర్షావాసం ఉండే ఇరవై మంది భిక్షువులకు తలా పన్నెండు కార్షాపణాల బట్టల ఖర్చు. దీన్నే అక్షయనీవి అంటారు. అంటే మౌనంగా కూర్చున్న ఇరవై మంది వెనక ఊళ్లో మగ్గాలు ఆడుతున్నాయి.

నాగార్జునకొండలో అయితే ఇంకా ముచ్చట. ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేసినవాడు. ఆయన సోదరి శాంతిశ్రీ బుద్ధుడి మహాచైత్యం కట్టించింది. ఒకే ఇల్లు! 'హిందువులం బౌద్ధుల దగ్గరికి వెళ్లొచ్చా' అని అడిగేవాళ్లకు నా జవాబు ఆ ఇల్లే. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను: మెడలో మాల ఉండగా విపశ్యనకు వెళ్లకండి. ఆ పది రోజులు జపం, పూజ, ఇతర సాధనలు అన్నీ పక్కన పెట్టమంటారు, జపమాలలు తీసుకురావద్దంటారు. స్వామికిచ్చిన మాట సగంలో ఆపకూడదు, వాళ్ల నియమం దొంగచాటుగా మీరకూడదు. దీక్ష విరమణ చేసి, ఇరుముడి సమర్పించి, అప్పుడు వెళ్లండి.

ఇక తమ్ముడు పెట్టబోయే కేంద్రం. పొలంలో కడితే నాలా కన్వర్షన్ కావాలి, పంచాయతీ పర్మిషన్, ట్రస్టు రిజిస్ట్రేషన్, పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్లు, ఏటా ఆడిట్. ఇవన్నీ ఎవరైనా సీఏ చూసిపెడతారు. ఎండాకాలంలో బోరు ఎండిపోతే అరవై మందికి స్నానానికి నీళ్లెక్కడివి, పక్క ఊళ్లో పెళ్లి డీజే మోగితే ఏం చేస్తావు, ఆ ఊరివాళ్లకు నీ గోడ లోపల ఏం జరుగుతుందో తెలుసా, ఇవి సీఏ చూడడు. ఊరితో మాటల్లేని ధ్యాన కేంద్రం ఊళ్లో నిలబడదు. బావరి ఆశ్రమాన్ని పోషించింది పక్క ఊరే కదా.

నడిపేవాడి మనసు గురించి వినయపిటకంలో దబ్బ మల్లపుత్తుడి కథ ఉంది. ఏడేళ్లకే అర్హంతుడైనవాడు. నాకిక సాధించేది ఏమీ లేదు, సంఘానికి ఏం సేవ చేయను అని ఆలోచించి, వసతులు కేటాయించే పని, భోజనాలకు పంపే పని అడిగి తీసుకున్నాడు. ఇప్పటి భాషలో మేనేజర్. సూత్రాలు వల్లించేవాళ్లను ఒకచోట, ధ్యానం చేసుకునేవాళ్లను ఒకచోట పెట్టేవాడు, ఒకరికొకరు అడ్డం కాకుండా. రాత్రి పొద్దుపోయి వచ్చినవాళ్లకు తన వేలి చివర వెలుగు పుట్టించి ముందు నడిచేవాడు. ఇదిగో మంచం, ఇదిగో పీట, మరుగుదొడ్డి అటు, తాగే నీళ్లు ఇవి, లోపలికి వచ్చే వేళ ఇది, బయటికి వెళ్లే వేళ ఇది అని చూపించేవాడు. ఆ వెలుగు చూడాలని కొందరు కావాలనే ఆలస్యంగా వచ్చేవారట! ధ్యానంలో వచ్చిన సిద్ధి మొత్తం మరుగుదొడ్డి దారి చూపించడానికి వాడాడు ఆ మహానుభావుడు.

అలాంటివాడికి ఏం దక్కింది? ఎప్పుడూ మంచి భోజనం పెట్టే ఒక ఇంట్లో ఇద్దరు భిక్షువులకు ఆ రోజు నూక అన్నం, పుల్లటి గంజి వడ్డించారు. వడ్డించిన ఇంటివాళ్లది ఆ నిర్ణయం. ఈ ఇద్దరూ మాత్రం ఇదంతా దబ్బుడే చేశాడని పగబట్టి, ఒక భిక్షుణి చేత ఆయన శీలం మీదే నింద వేయించారు. బుద్ధుడు సంఘం మధ్యలో నిలబెట్టి అడిగాడు. కలలో కూడా ఎరగను అన్నాడు దబ్బుడు. విచారిస్తే నింద అబద్ధమని తేలింది.

తమ్ముడికి ఈ కథ చెప్పి, "నీకూ ఇలా అన్నం దగ్గర, గది దగ్గర మాట వస్తుంది, ఖాయంగా. పడతావా?" అని అడిగాను. ఆలోచిస్తానన్నాడు.

మన స్వామినే చూడండి. ఓషధి ఏదో గుర్తుపట్టలేక పర్వతం మొత్తం ఎత్తుకొచ్చాడు. అందులోంచి విరిగిపడ్డ ముక్కే కొండగట్టు అని ముత్యంపేట వైపు చెప్పుకుంటారు. ఆ మందు ఆయన కోసం కాదు. మూర్ఛపోయింది లక్ష్మణుడు, మోసింది హనుమంతుడు. కేంద్రంలో వంటింటి వెనక గిన్నెలు తోమే సేవకుడికీ అంతే, హాల్లో కళ్లు మూసుకున్నవాడు వేరు, మోసేవాడు వేరు.

ఇంకో ముఖ్యమైన విషయం. కొండగట్టులో నలభై రోజులు ఉంటే మనసు బాగవుతుందని ఎంతోమంది తమవాళ్లను తీసుకొస్తారు. అది నమ్మకం, నేను కాదనను. కానీ డిప్రెషన్‌కు మందులు వాడుతున్న స్నేహితుడిని 'పది రోజులు మౌనంగా కూర్చో, సెట్ అయిపోతావ్' అని పంపేయకండి. కేంద్రాల దరఖాస్తులోనే ఆరోగ్యం గురించి, మందుల గురించి అడుగుతారు. అక్కడ అబద్ధం రాయించవద్దు. డాక్టర్ ముందు, ధ్యానం తర్వాత.

తమ్ముడు పోయిన వారం మెసేజ్ పెట్టాడు. రెండెకరాల సంగతి ఇప్పుడే కాదట. ముందు పోచారంలో ఒక కోర్సుకు సేవకుడిగా పేరు రాయించుకున్నాడు. ఏం పని ఇస్తారో తెలియదు, వంటింట్లో అయితే ఉల్లిగడ్డలు కోయడం రాదన్నా అని రాశాడు. వాళ్లమ్మ దగ్గర నేర్చుకుంటున్నాడట.

వచ్చే వీడియోలో కొండగట్టు స్వామికి నరసింహ ముఖం ఎందుకుందో చెప్పుకుందాం. జై హనుమాన్.