నాబోతు తోట - రాజముద్ర



రాజుల మొదటి గ్రంథం 21వ అధ్యాయంలోని నాబోతు కథ మనందరం విన్నదే. యెస్రెయేలులో రాజుగారి మేడ పక్కనే నాబోతుకు ఒక ద్రాక్షతోట ఉండేది. అహాబు రాజు దాన్ని అడిగాడు. పితరుల నుండి వచ్చిన నేల కనుక ఇవ్వనన్నాడు నాబోతు. రాజు ముఖం మాడ్చుకొని, అన్నం మాని, మంచం ఎక్కాడు. అప్పుడు రాణి యెసెబెలు రాజు పేర ఉత్తరాలు రాసి, వాటిమీద రాజముద్ర వేసి, ఊరి పెద్దలకు పంపింది. అబద్ధ సాక్షులు దొరికారు. నాబోతును రాళ్ళతో కొట్టి చంపారు. రాజు లేచి తోట చూసుకోవడానికి వెళ్ళాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. అహాబు ఒక్క రాయి కూడా విసరలేదు. సాక్ష్యం చెప్పడానికి వెళ్ళలేదు. తన ముద్రను వాడుకోనిచ్చాడు, వచ్చిన తోటను పుచ్చుకున్నాడు, అంతే. అయినా దేవుడు ఏలీయా ప్రవక్తను ఎవరి దగ్గరకు పంపాడు? రాళ్ళు విసిరినవాళ్ళ దగ్గరకు కాదు, రాజు దగ్గరకే పంపాడు. హత్యా నీదే, ఆక్రమణా నీదే అని ప్రవక్త నిలదీశాడు.

ఈ వారం ఈ అధ్యాయాన్ని ముందుంచుకొని ఇంగ్లండు రాజుల చరిత్రలో ఒక పుటను చదువుదాం. ఆఫ్రికా మనుషులను పట్టి, ఓడల్లో కుక్కి, అమెరికా ఖండపు తోటల్లో అమ్మిన వ్యాపారం గూర్చి చెప్పేటప్పుడు నావికులనూ, వర్తకులనూ, తోటల యజమానులనూ తిడుతుంటాం. వాళ్ళ చేతిలోని కాగితం మీద ముద్ర ఎవరిదో అడగడం మరచిపోతాం.

1562లో జాన్ హాకిన్స్ అనే నావికుడు పశ్చిమ ఆఫ్రికా తీరంలో మనుషులను చెరపట్టి కరీబియన్ దీవుల్లో అమ్మాడు. లాభం కళ్ళజూసిన మొదటి ఎలిజబెత్ రాణి 1564లో రెండవ యాత్రకు తన సొంత ఓడనే ఇచ్చింది. ఆ ఓడను జర్మనీలోని లూబెక్ పట్టణం వారి దగ్గర ఆమె తండ్రి ఎనిమిదవ హెన్రీ కొన్నాడు. దాని పేరేమిటో తెలుసా? 'జీసస్ ఆఫ్ లూబెక్'. మన రక్షకుని పేరు పెట్టుకున్న ఓడలో సంకెళ్ళతో మనుషులను తీసుకొనిపోయారు! యాత్ర ముగిశాక హాకిన్స్‌కు ఒక బిరుదు చిహ్నం దక్కింది. దాని పైభాగాన తాళ్ళతో కట్టిన ఒక ఆఫ్రికా మనిషి బొమ్మ. చేసిన పనికి సిగ్గుపడడం పోయి, దాన్ని వంశగౌరవంగా చెక్కించుకున్నారన్నమాట.

తరువాత నూరేళ్ళకు ఈ వ్యాపారం కంపెనీ రూపం దాల్చింది. రెండవ చార్లెస్ 1660లో ఒక కంపెనీకి రాజశాసనం ఇచ్చాడు. 1663 శాసనంలో బానిసల వ్యాపారాన్ని పేరుపెట్టి చేర్చారు. 1672లో ఏర్పడిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీకి రాజు తమ్ముడు, యార్క్ ప్రభువు జేమ్స్ గవర్నరు. 1731 వరకు ఈ కంపెనీ ఓడలు ఎక్కించుకున్న ఆఫ్రికన్లు సుమారు 1,87,000 మంది. వారిలో వేలాది మంది ఒడ్డు చూడకుండానే చచ్చి సముద్రం పాలయ్యారు. ఓడ ఎక్కించేముందు ఎర్రగా కాల్చిన ఇనుముతో కంపెనీ గుర్తును వారి ఒంటిమీద వేసేవారు. మన పశువులకు వాతలు వేసినట్టే! కంపెనీ తెచ్చిన ఆఫ్రికా బంగారంతో 1663 నుండి 'గినీ' నాణేలు పోశారు. వాటిలో చాలా వాటిమీద ఒకవైపు రాజు తల, దాని కింద కంపెనీ గుర్తయిన ఏనుగు.

ఇక్కడ మనం కాసేపు ఆగాలి. ఎందుకంటే ఈ జేమ్స్ మనవాడు. ఆయన కతోలిక విశ్వాసం స్వీకరించిన సంగతి 1673లో లోకానికి వెల్లడయింది. 1685లో రెండవ జేమ్స్‌గా సింహాసనం ఎక్కాడు. 1688లో ఆ సింహాసనం పోవడానికి ఆయన విశ్వాసం కూడా ఒక కారణం. పూజకు వెళ్ళాడు, విశ్వాసం కోసం రాజ్యం పోగొట్టుకున్నాడు. కాని కంపెనీ వాటాలను గూర్చి ఆయన అంతరాత్మ ఆయనను నిద్రలేపినట్టు కనబడదు. కాబట్టి ఇది ప్రొటెస్టెంటు రాజుల పాపమని మనం చేతులు దులుపుకోవడానికి వీల్లేదు.

జేమ్స్ పోయాడు, మూడవ విలియం వచ్చాడు. 1689లో కంపెనీ డిప్యూటీ గవర్నరు ఎడ్వర్డ్ కోల్‌స్టన్ వెయ్యి పౌండ్ల వాటాలను కొత్త రాజు పేరిట మార్చిన పత్రం 2023లో వెలుగులోకి వచ్చింది. రాజు మారినా వాటా మాత్రం సింహాసనాన్ని వదలలేదు. 1713లో యుట్రెక్ట్ సంధి వల్ల స్పెయిన్ వలసలకు 30 ఏళ్ళపాటు, ఏటా 4,800 'తునకల' చొప్పున, బానిసలను చేరవేసే హక్కు ఇంగ్లండుకు దక్కింది. తునక అంటే ఏమిటి? ఆరోగ్యంగా ఉన్న ఒక యువకుడు ఒక తునక. పసిబిడ్డలయితే తునకలో భాగం. దేవుడు తన పోలికలో చేసిన మనిషిని బట్టల తానులాగా కొలిచారు! ఆ ఒప్పందంలో ఆన్ రాణి తొలుత 22.5 శాతం వాటా తన పేర ఉంచుకుంది. ఆ వ్యాపారం చేపట్టిన సౌత్ సీ కంపెనీకి 1718లో మొదటి జార్జి రాజే గవర్నరు అయ్యాడు.

అందరూ నోరు మూసుకొని కూర్చోలేదు. బానిసగా అమ్ముడుపోయి, విడుదల పొందిన ఒలాడా ఎక్వియానో 1789లో తన జీవితకథను అచ్చువేసి ఇంగ్లండు ప్రజలకు వినిపించాడు. పార్లమెంటులో విల్బర్‌ఫోర్స్ ఏళ్ళ తరబడి పోరాడాడు. అయినా 1799లో మూడవ జార్జి కుమారుడు క్లారెన్స్ ప్రభువు విలియం ప్రభువుల సభలో లేచి బానిస వ్యాపారాన్ని సమర్థించాడు. చివరకు 1807 మార్చి 25న, మంగళవార్త పండుగ నాడే, వ్యాపారాన్ని నిషేధించే చట్టం మీద రాజముద్ర పడింది. దేవుని వాక్కు మనుష్యావతారం దాల్చిన రోజున మనిషిని అమ్మరాదన్న చట్టం రావడాన్ని కాకతాళీయం అనేవారు అనవచ్చు. మనం మాత్రం ప్రభువుకు స్తోత్రం చెబుదాం.

1833లో బానిసత్వమే రద్దయింది. ఆ చట్టం మీద సంతకం చేసినది ఎవరు? అప్పటికి నాలుగవ విలియం రాజయిన ఆ క్లారెన్స్ ప్రభువే! దేవుడు ఎవరి చేతనైనా మంచి రాయించగలడు. కాని ఆ చట్టం నష్టపరిహారంగా ఇచ్చిన 2 కోట్ల పౌండ్లు ఎవరికి ముట్టాయి? యజమానులకు! తరతరాలు చాకిరీ చేసినవారికి ఒక్క పెన్నీ రాలేదు. పైగా 1838 వరకు శిక్షణ పేరిట పాత యజమానుల దగ్గరే వారిచేత పని చేయించారు. పరిహారం కోసం చేసిన అప్పు తాలూకు చివరి బాకీని బ్రిటిష్ ప్రభుత్వం 2015లో తీర్చింది.

మన శ్రీసభ మాటేమిటని మీరు అడగాలి. 1452లోను, 1455లోను ఐదవ నికొలాసు పోపుగారు ఇచ్చిన శాసనాలు పోర్చుగల్ రాజుకు ఆఫ్రికన్లను చెరపట్టే అనుమతినిచ్చాయి. 1537లో మూడవ పౌలు పోపుగారు అమెరికా ఆదివాసుల స్వేచ్ఛను హరించరాదన్నారు. 1839లో పదహారవ గ్రెగోరీ పోపుగారు బానిస వ్యాపారాన్ని ఖండించారు. ఈ చీకటిలోనే కార్తహేనా రేవులో పునీత పేతురు క్లావెరు ఓడల అడుగున దిగి, పుండ్లు కడిగి, తాను బానిసలకు బానిసనని ప్రతిజ్ఞ చేసి 1654లో కన్నుమూశాడు. 1992లో రెండవ జాన్ పాల్ పోపుగారు సెనెగల్ దేశపు గోరే దీవికి వెళ్ళి, బానిసలను ఓడ ఎక్కించిన ఆ చోటనే, క్రైస్తవులు చేసిన ఈ పాపానికి దేవుని క్షమ వేడారు.

పాపసంకీర్తనానికి వెళ్ళేముందు చేయవలసిన పనులను మనం చిన్నప్పుడే జ్ఞానోపదేశంలో నేర్చుకున్నాం. ఆత్మపరిశోధన, పశ్చాత్తాపం, ఇక చేయనన్న ప్రతిజ్ఞ, పాపాన్ని నోటితో ఒప్పుకోవడం, పరిహారం. ఇందులో ఏ ఒక్కటీ మరొకదాని బదులు చెల్లదు. 2022లో రువాండాలో, యువరాజుగా ఉండగా, చార్లెస్ బానిసత్వపు బాధలను తలచి తన దుఃఖం తెలిపాడు. రాజయ్యాక, 2023లో, రాజవంశానికి ఈ వ్యాపారంతో ఉన్న సంబంధం మీద పరిశోధనకు మద్దతిచ్చాడు. అవి మంచి అడుగులే. కాని 2024లో సమోవాలో కామన్‌వెల్త్ దేశాల ముందు గతాన్ని ఎవరూ మార్చలేరన్నాడే గాని, క్షమాపణ కోరలేదు. నెదర్లాండ్స్ రాజు విల్లెం అలెగ్జాండర్ మాత్రం 2023 జూలై 1న తన ప్రజల ముందు నిలబడి, తన పూర్వికుల తప్పుకు క్షమించమని అడిగాడు.

"తాతలు చేసినదానికి మనుమలు ఎందుకు ఒప్పుకోవాలి?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. తాత పాపం మనుమని ఆత్మకు అంటదు. కాని తాత ఆస్తి మనుమనికి వస్తుంది గదా! రాజుల రెండవ గ్రంథం 9వ అధ్యాయం చదవండి. అహాబు చనిపోయాక అతని కొడుకు యోరాముకు శిక్ష పడింది ఎక్కడ? నాబోతు పొలంలోనే. నేల లెక్కను మరచిపోదు. జక్కయ్య కన్నీళ్ళతో సరిపెట్టలేదు. సగం ఆస్తి పేదలకిచ్చి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు చెల్లిస్తానన్నాడు. అప్పుడే ప్రభువు ఆ ఇంటికి రక్షణ వచ్చిందన్నాడు.

మరి మన సంగతి? 1833 నాటి చట్టం ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని నేలకు వర్తించలేదు. 1843 దాకా మన దేశంలో బానిసత్వానికి చట్టం అండ ఉండనే ఉంది. చెరకు తోటల్లో బానిసలు తగ్గాక మన కోరంగి రేవు నుండి తెలుగు కూలీలను మారిషస్‌కు ఓడ ఎక్కించారు. వెట్టిచాకిరీ 1976లో చట్టరీత్యా రద్దయింది. ఇళ్ళలోనుండి పూర్తిగా పోయిందా? అడ్వాన్సు ఇచ్చి కుటుంబాన్ని ఇటుకబట్టీకి కట్టివేసేవాడు ఉన్నాడు. బడికి పోవలసిన పరాయి పిల్లచేత అంట్లు తోమించుకుంటూ, అన్నం పెడుతున్నాంగా అనే అమ్మగారు ఉన్నారు. జ్ఞానస్నానం ఒక్కటే అయినా, కులం చూసి గుడిలో ఎడంగా కూర్చునేవారు ఉన్నారు. వీరెవరూ రాయి విసిరినవారు కారు. ముద్ర ఇచ్చినవారు, తోట పుచ్చుకున్నవారు.

ఈ వారం కుటుంబ ప్రార్థనలో జపమాల ముగిశాక ఇంటి పెద్దలు మూడు ప్రశ్నలు అడగండి. మన ఇంట్లో పనిచేసేవారికి న్యాయమైన కూలి ముడుతోందా? మన చేతి సంతకం, మన సాక్ష్యం, మన మౌనం ఎవరి నోటి దగ్గర కూడునైనా తీసిందా? మనకు దక్కిన తోటలో నాబోతు వాటా ఉందా? ఉందని తేలితే కన్నీళ్ళతో ఆపకండి. వెళ్ళండి, ఒప్పుకోండి, తిరిగి ఇవ్వండి.

దాసుని రూపం దాల్చి మా మధ్యకు వచ్చిన ప్రభువా, నీ పేరు పెట్టుకొని నీ బిడ్డలను చెరపట్టిన మా పూర్వుల పాపాన్ని క్షమించు. మా చేతనున్న ముద్రను న్యాయానికే వాడేటట్లు మమ్ము దిద్దు. ఆమెన్.