మాటల్లేని బొమ్మల్లో ఆమె జవాబు

సంభాషణలు లేకుండా యానిమేషన్ సినిమా కథ చెప్పగలదా అన్న ప్రశ్నకి ఇక కొత్తగా రుజువులు వెతకక్కర్లేదు. లాత్వియా దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్ 2024లో తీసిన 'ఫ్లో'లో మనుషులే లేరు. వరదలో చిక్కుకున్న ఒక పిల్లి, దానితో పాటు ఒకే పడవలోకి చేరిన మరికొన్ని జంతువులు ఉంటాయి. అవి మనుషుల్లా మాట్లాడవు. భయం, ఈర్ష్య, స్నేహం అన్నీ ఆ కళ్ళలోనూ నడకలోనూ అర్థమవుతూనే ఉంటాయి. 2025లో ఆ సినిమాకి ఆస్కార్ వచ్చింది. నటులతో తీసిన సినిమాల్లోనైతే 1987లోనే సింగీతం శ్రీనివాసరావు 'పుష్పక విమానం' మనకి ఈ సంగతి నిరూపించి చూపించారు. కాబట్టి చెప్పగలదా లేదా అన్నది నన్ను వేధించే ప్రశ్న కాదు. మాట తీసేసినప్పుడు ఎవరి కథ పూర్తిగా వస్తుంది, ఎవరి కథ సగంలో ఆగిపోతుంది అన్నది నా ప్రశ్న.

మన ఉద్యమ భాషలో 'గొంతు' అన్నంత తరచుగా వాడిన మాట మరొకటి లేదేమో. స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు చేసిన పని ఏమిటి? తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గర కూర్చుని, వాళ్ళు చెప్పింది శ్రద్ధగా విని నమోదు చేయటం. అంతకు ముందు వాళ్ళు ఎవరికీ కనపడలేదని కాదు. కనపడ్డారు. కానీ ఉద్యమం తమకేమిచ్చింది, పోరాటం ఆగిపోయాక తిరిగి ఇళ్ళకి వెళ్ళాల్సి వచ్చినప్పుడు ఏమనిపించింది అన్నది వాళ్ళు నోరు విప్పితే గాని తెలియలేదు. కనపడటం వేరు, జవాబు చెప్పటం వేరు. ఈ తేడాని మనసులో పెట్టుకునే నేను మాటల్లేని బొమ్మల సినిమాలు చూస్తాను.

పిక్సార్ సంస్థ 2009లో తీసిన 'అప్' మొదట్లో ఒక నాలుగు నిమిషాల భాగం ఉంది. మాటలు లేకుండా కథ చెప్పటానికి ఉదాహరణగా అందరూ దాన్నే చూపిస్తారు. కార్ల్, ఎల్లీల పెళ్ళి, కాపురం, ముసలితనం, ఎల్లీ చావు మొత్తం సంగీతం మీదే నడిచిపోతాయి. ఆకాశంలో మబ్బులు పసిపిల్లల్లా కనిపిస్తాయి. ఇద్దరూ పుట్టబోయే బిడ్డ కోసం గదికి రంగులేస్తారు. ఆ తరవాత డాక్టర్ గదిలో తల దించుకున్న ఎల్లీ, పక్కన కార్ల్. ఒక్క మాట లేదు, అంతా తెలిసిపోతుంది. ఈ దృశ్యం దగ్గర కళ్ళు చెమర్చనివాళ్ళు అరుదు, నేనూ దానికి మినహాయింపు కాదు.

అయితే ఇక్కడ ఒక సంగతి గమనించాలి. చిన్నప్పటి ఎల్లీ వాగుడుకాయ. దక్షిణ అమెరికాలోని జలపాతానికి వెళ్తానని, అది చేస్తాను ఇది చేస్తానని ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతుంది. అక్కడ నోరు విప్పనిది కార్లే. పెద్దయ్యాక ఎల్లీకి సినిమాలో ఒక్క మాట కూడా లేదు. కార్ల్ మాత్రం ముసలివాడయ్యాక కావలసినంత మాట్లాడతాడు. జలపాతం కోసం సీసాలో దాచిన డబ్బు టైరు పాడైనప్పుడు, కాలు విరిగినప్పుడు, ఇల్లు దెబ్బతిన్నప్పుడు ఖర్చయిపోతూ వచ్చింది. బిడ్డ లేదు, ప్రయాణమూ లేదు. ఈ జీవితం గురించి ఆమె ఏమనుకుంది? ఆ నాలుగు నిమిషాలు ఆ జవాబు ఇవ్వలేదు. ఆమె దుఃఖాన్ని చూపించింది, ఆమె అభిప్రాయాన్ని చూపించలేకపోయింది. ఆ ఇబ్బంది సినిమా తీసినవాళ్ళకీ తెలిసినట్టుంది. అందుకే చివర్లో కార్ల్ ఆమె ఆల్బమ్ తెరిస్తే, ఖాళీగా ఉన్నాయనుకున్న పేజీల నిండా తమ కాపురం ఫోటోలు కనిపిస్తాయి. దాని కింద ఆమె స్వయంగా రాసిన కృతజ్ఞత. అంటే జవాబు కావలసి వచ్చేసరికి సినిమా మళ్ళీ మాటల దగ్గరికే వచ్చింది, రాతలోనైనా సరే. ఆ జవాబు కార్ల్ మనసుని తేలికపరిచేదిగానే ఉండటం కూడా కాకతాళీయం అనుకోను.

నటులతో తీసే మూకీకి, యానిమేషన్‌కి ఉన్న తేడా ఇక్కడే ముఖ్యమవుతుంది. మూకీలో ఒక నటి ఉంటుంది. దర్శకుడు అడగని అలసటో, వ్యంగ్యమో ఆమె చూపులోకి రావచ్చు. బొమ్మల సినిమాలో కనురెప్ప వాలటం కూడా ఎవరో అనుకుని చేసిందే. ఆ బొమ్మకి ప్రాణమున్న మనిషి ఒంటి నుంచి నేరుగా అందేది ఒక్క గొంతే. ఆ గొంతు కూడా లేకపోతే ఆ స్త్రీలో తయారుచేసినవాళ్ళు పెట్టింది తప్ప మరేమీ మిగలదు.

మైకేల్ డుడోక్ డి విట్ 2016లో తీసిన 'ది రెడ్ టర్టిల్' చూసినప్పుడు ఈ ఆలోచన నన్ను మరీ ఇబ్బంది పెట్టింది. ఒక నిర్జన ద్వీపంలో చిక్కుకున్న మగవాడు. వెదురు తెప్ప కట్టుకుని బయల్దేరిన ప్రతిసారీ ఏదో దాన్ని విరగ్గొడుతుంది. అది ఒక పెద్ద ఎర్ర తాబేలు. అది ఒడ్డుకొచ్చినప్పుడు కోపంతో వెదురు కర్రతో తల మీద కొట్టి, వెల్లకిలా తిప్పి ఎండలో వదిలేస్తాడు. అది చచ్చిపోయాక పశ్చాత్తాపపడతాడు. డిప్ప పగిలి, అందులో ఒక స్త్రీ కనిపిస్తుంది. వాళ్ళు జంటవుతారు, కొడుకుని కంటారు, కలిసి ముసలివాళ్ళవుతారు. అరుపులు, కేకలు తప్ప సినిమా అంతటా మాటల్లేవు. ఎంత అందమైన సినిమా అంటే ఆ ఆకాశాన్ని, సముద్రాన్ని మర్చిపోలేం.

కానీ ఆమె అతన్ని క్షమించిందా? క్షమిస్తే ఎందుకు? ఆమె తన డిప్పని సముద్రంలోకి తోసేయటం, అతను తెప్పని వదిలేయటం మనం చూస్తాం. ఇద్దరూ సమానంగా త్యాగం చేసినట్టే ఉంటుంది. ఇద్దరికీ మాటల్లేవు కదా, ఇందులో అన్యాయం ఏముందని ఒక స్నేహితురాలు నాతో వాదించింది. మాట అవసరం ఇద్దరికీ ఒకటే కాదన్నది నా జవాబు. కొట్టినవాడి పశ్చాత్తాపానికి కన్నీళ్ళు సరిపోతాయి, దాన్ని బొమ్మగా గీయచ్చు. దెబ్బ తిన్న మనిషికి మాత్రం 'ఎందుకు కొట్టావు' అని అడగటానికి మాట కావాలి. ఇది మనిషికీ ప్రకృతికీ ఉన్న సంబంధానికి ప్రతీక అని సర్దిచెప్పచ్చు. ప్రకృతిని స్త్రీగా చేసి, ఆమె చేత మౌనంగా క్షమింపజేయటం మనం ఎన్నిసార్లు చూడలేదు!

బొమ్మలో తల అడ్డంగా ఊపటం చూపించచ్చు. కానీ 'అది నాకిష్టమై చేసింది కాదు', 'వేరే దారి ఉంటే ఉండేదాన్ని కాదు' అనే వాక్యాలకి బొమ్మ లేదు. జరిగినదాన్ని చిత్రం చూపిస్తుంది. జరగాల్సింది జరగలేదని చెప్పటానికి సాధారణంగా భాష కావాలి. స్త్రీల ఫిర్యాదులెన్నో ఈ రెండో రకానివే.

అలాగని మాట ఉంటే చాలు, గౌరవం దక్కుతుందని కాదు. 'టామ్ అండ్ జెర్రీ' పాత కార్టూన్లలో పిల్లీ ఎలుకా దాదాపు మాట్లాడవు. చాలాసార్లు మాట్లాడేది ఇంట్లో పనిచేసే నల్లజాతి స్త్రీ ఒక్కతే. 1940 నుంచి 1952 దాకా ఆమె చాలా భాగాల్లో వచ్చింది. ఆమెకి గొంతు ఉంది, ముఖం లేదు. మనకి కనిపించేది ఎక్కువగా ఆమె కాళ్ళు, చెప్పులు, చేతిలో చీపురు. జంతువులకి మాట అక్కర్లేనంత వ్యక్తిత్వం ఇచ్చి, ఆమెకి వ్యక్తిత్వం అక్కర్లేనట్టు మాట ఇచ్చారు.

మౌనం స్త్రీ చేతిలో ఎలా పనిచేస్తుందో చూడాలంటే డోమీ షి 2018లో తీసిన 'బావ్' చూడాలి. పిక్సార్‌లో లఘుచిత్రానికి దర్శకత్వం వహించిన మొదటి స్త్రీ ఆమె. చైనా నుంచి కెనడా వచ్చిన ఒక తల్లి. భర్త తిని పనికి వెళ్ళిపోతాడు. ఆమె ఒంటరిగా తింటుంటే ఆవిరి మీద ఉడికిన ఒక బావ్‌కి ప్రాణం వస్తుంది. దాన్ని బిడ్డలా పెంచుతుంది. అది పెద్దవుతుంది, ప్రియురాలిని తెచ్చుకుంటుంది, ఇల్లు విడిచి వెళ్ళబోతుంది. తల్లి ఆపబోయి, పట్టుకుని, గుటుక్కున మింగేస్తుంది. తరవాత కుప్పకూలి ఏడుస్తుంది.

ఇక్కడ మాటలుంటే ఏమయ్యేది? ఆ తల్లి తనని తాను సమర్థించుకునేది, లేదా కొడుకు ఆమెకి నీతి చెప్పేవాడు. మాతృత్వం మీద మనకి అరువు మాటలు ఎన్నున్నాయో తెలుసు కదా. ఆ మాటలేవీ లేకపోవటం వల్లే, ప్రేమలోని మింగేసే గుణం ఏ అలంకారమూ లేకుండా బయటపడింది. పిండి పిసికే ఆ చేతుల్ని ఎంత శ్రద్ధగా గీశారంటే, ఎవరూ లెక్కలో వేయని ఆమె శ్రమే సినిమాకి భాష అయింది. ఇందులో తల్లికి మాట లేకపోయినా ఆమె వైపు నుంచే కథ నడుస్తుంది. తప్పు చేసేదీ, బాధపడేదీ, చివరికి కొడుకుతో మంచం మీద పక్కపక్కనే కూర్చుని తినేదీ ఆమే. ఆమె తరఫున ఎవరూ క్షమాపణ కల్పించలేదు.

అందుకని మౌనాన్ని నేను తిరస్కరించను, కీర్తించను కూడా. మాటల్లేని సినిమా స్త్రీ శ్రమని, ఎదురుచూపుని, దుఃఖాన్ని, ఒక్కోసారి ఆమెలోని క్రౌర్యాన్ని కూడా మాటలకంటే నిజంగా చూపించగలదు. ఆమె తరఫున తీర్పు చెప్పాల్సి వచ్చినప్పుడే అది మోసం చేసే అవకాశం ఉంది. ఆమె ఒప్పుకుందని, క్షమించిందని, తృప్తిగా చనిపోయిందని మౌనం మనకి చెప్తున్నప్పుడు, ఆ మాట ఎవరిదని అడగాలి. ఆమెకి కాదనే వీలే లేనప్పుడు ఆ మౌనాన్ని అంగీకారం అనుకునే హక్కు మనకెక్కడిది?