ప్రయాణపు పెట్టెలో అనృతము

ఆషాఢము శుభకార్యములకు పనికిరాదని మనవారు దానిని ప్రక్కకు పెట్టుదురు. దిల్‌సుఖ్‌నగరునుండి ఎల్బీ నగరు వఱకుగల పెద్దబాటలో పెట్టెలమ్ము వర్తకునకు మాత్రము అదియే పెండ్లిండ్ల నెల. అమెరికా విశ్వవిద్యాలయములు పెక్కు ఆగస్టులో తెఱచును గనుక, తల్లులు కొడుకులతోడను కూతుండ్రతోడను దుకాణముల ముందు నిలిచి పెట్టెల చక్రములను దొర్లించి చూచుచుందురు.

అనేక విమానసంస్థలు అచ్చటికి పోవు సామాన్య ప్రయాణికునకు 23 కిలోల చొప్పున రెండు పెట్టెలను అనుమతించును. ఆ 46 కిలోలలో ఒక సంసారము ఇమడవలెను. కుక్కరు, కందిపొడి, కారప్పొడి, చింతపండు, జ్వరపు మాత్రలు, దుప్పటి, దేవుని పటము. అటుపిమ్మట ఇంటిలో నెవరో ఒకరు పెట్టెను మోసికొని ఒకసారియు, పెట్టె లేక ఒకసారియు త్రాసు ఎక్కి దిగవలెను. ఈ యాషాఢమున మా చెల్లెలి యింట ఆ పని నాది. బడిపంతులును గనుక తీసివేత లెక్క నాకే అప్పగింపబడినది.

అన్నియు సర్దిన పిమ్మట ఆమె వంటింటినుండి ఒక సీసా తెచ్చి, మూడు ప్లాస్టికు సంచులలో చుట్టి, కొడుకు ఉన్నిచొక్కా చేతిలో దూర్చి పెట్టె అడుగున దాచెను. అది చికెన్ పచ్చడి. మామిడికాయ పచ్చడికి సామాన్యముగ అభ్యంతరము లేదు గాని, మన దేశపు మాంసపదార్థములను ఇట్లు అమెరికాలోనికి తీసికొనిపోరాదు. తినుబండారము ఏది యున్నను అచ్చటి సుంకపు అధికారులకు ముందుగనే తెలుపవలెను. తెలిపినవాని వస్తువు నిషిద్ధమైనచో తీసి పాఱవేయుదురు, అంతే. దాచినవానికి జరిమానా పడవచ్చును.

"అడిగితే లేదని చెప్పాలా, మామయ్యా?" అని మేనల్లుడు నన్నడిగెను.

నేను నోరు తెఱవకమునుపే వాని తల్లి "అడుగరులేరా. అడిగినా బట్టలని చెప్పు" అనినది.

ఆమె అబద్ధములాడు మనిషి కాదు. కూరలవాడు పొరపాటున చిల్లర యెక్కువ యిచ్చినచో వీధి చివఱవఱకు పోయి తిరిగి యిచ్చునట్టిది. బిడ్డ పరదేశమున మొదటివారమైనను ఇంటి రుచి తినవలెనని ఆమె కోరిక. ప్రేమచేత ఆడించిన యబద్ధము అబద్ధమగునా?

ఇట్టి చోట మనవారు వెంటనే భారతమును తెత్తురు. దొంగలకు భయపడి అడవిలో దాగినవారి జాడను సత్యవ్రతము పేర చెప్పివేసి, వారి చావునకు కారకుడై కౌశికుడను తపస్వి నరకమునకు పోయెనని కర్ణపర్వమున కృష్ణుడు అర్జునునకు చెప్పును. నిజమే. కాని అచ్చట నిలువవలసినవి ప్రాణములు, ఇచ్చట నిలువవలసినది పచ్చడి. అంతకంటె పెద్ద భేదము మఱియొకటి కలదు. కౌశికుడు బొంకియుండినచో ఆ బొంకు మంచిచెడ్డలు అతనివే. మనమో, అబద్ధమును ఇంట వండి, పలుకుట మాత్రము పిల్లవానికి వదలుచున్నాము. నిద్రలేక ఒక పగలు, ఒక రాత్రి ప్రయాణము చేసి, ఎఱుగని అధికారి బల్లయెదుట ఒంటరిగ నిలిచి వాడు దానిని పలుకవలెను. ఆ దేశమున వాడాడు మొదటి మాట అదియే కావచ్చును.

1888 సెప్టెంబరులో గాంధీ ఇంగ్లండునకు బయలుదేరుటకు ముందు ఆయన తల్లి పుత్లీబాయి, మద్యమును, మాంసమును, స్త్రీని ముట్టనని ప్రమాణము చేయించుకొనెను. అది మోయుటకు తేలికైన మూట కాదు. దానివలన ఆయన పరదేశమున ఆకలితో గడపిన దినములు కలవు. కాని అది ఎవరియెదుటనైనను విప్పి చూపదగిన మూట. అదే గాంధీ, అచ్చటి మన విద్యార్థులు పలువురివలె తానును పెండ్లియైన సంగతి దాచి బ్రహ్మచారివలె మెలగితిననియు, తుదకు ఒక వృద్ధురాలికి జాబు వ్రాసి యొప్పుకొంటిననియు ఆత్మకథలో వ్రాసికొనెను. సముద్రయానమునకై కులపెద్దలు వేసిన వెలి ఆయనను కదలింపలేదు. ఆ దాపరికమే బాధించినది.

ఈ మాటలన్నియు నేను మా చెల్లెలికి చెప్పితిని. ఆమెకు రుచింపలేదు. అయినను సీసాను బయటికి తీసి, మాటాడక వంటింటిలోనికి పోయినది. నాకు కొంత గర్వము కలిగిన మాట దాచనేల?

అప్పుడు మేనల్లుడు చేతిసంచిలో పెట్టుకొనవలసిన కాగితముల కట్టను నాకిచ్చి, వరుస సరిగనున్నదేమో చూడుమనెను. పాస్‌పోర్టు, వాని సంతకముతో ఐ-20 పత్రము, దాని వెనుక బ్యాంకు పత్రము. చదువు ఖర్చునకు సొమ్ము ఎచ్చటనుండి వచ్చునో తెలుపు లెక్క ఐ-20లో నుండును. దానికి ఆధారము ఆ బ్యాంకు పత్రము. తండ్రి ఖాతాలో అది చూపు మొత్తమున నాలుగవ వంతు నాది. చైత్రములో నేనే వేసితిని. పని జరిగిన పిమ్మట నేనే తిరిగి తీసికొంటిని. కురియుచున్న మా డాబా బాగుచేయించుటకు దాచిన సొమ్ము అది.

ఇది మా యింట మాత్రమే జరుగునది కాదు. ఇట్లు కొన్నివారములు చూపుటకు సొమ్మును వడ్డీకిచ్చువారును కలరు. పలువురు చేయుచున్నారు గనుక దీనిని అబద్ధమనుట మాని "చూపించుట" యనుచున్నాము. పచ్చడి యబద్ధమునకు జరిమానాతో సరి. ఈ చూపిన సొమ్ము నిజముగ లేనప్పుడు పిల్లవాడు రెండవ విడత రుసుము ఎట్లు కట్టును? చదువు నడచు దినములలో వారమునకు 20 గంటలు, అదియు విశ్వవిద్యాలయపు ఆవరణలోనే, పనిచేయుటకు చట్టము సామాన్యముగ అనుమతించును. అది చాలనివాడు ఎచ్చటనో అంగడిలో దొంగచాటుగ నిలువబడును. పట్టుబడినచో చదువును, అప్పును, రెండును వాని నెత్తిమీదనే.

సీసాను గూర్చి అడిగిన బాలుడు ఈ కాగితమును గూర్చి నన్నేమియు అడుగలేదు. వాని కిది ప్రశ్నగానే తోచలేదు. తోచకుండ చేసినవారిలో సత్యమును గూర్చి ఇప్పుడే ఉపన్యసించిన మేనమామ యొకడు.

నేను కాగితములను వరుసగనే పెట్టి యిచ్చితిని. సోమవారమునాడు బ్యాంకునకు పోయి నా సొమ్మును మరల ఆ ఖాతాలో వేసి, మొదటి సంవత్సరము ముగియువఱకు అడుగనని చెప్పితిని. ఇంటిపై తెచ్చిన అప్పెంత, నెలకు వడ్డీ యెంత, నాకీయవలసిన దెంత, అంతయు ఒక కాగితముపై వ్రాసి వానికిచ్చితిని. వాడు చదివి చాలసేపు మాటాడలేదు. తక్కిన మూడువంతుల మాట నా చేతిలో లేదు.

మా యింటావిడ డాబా క్రింద మూడు గిన్నెలు పెట్టినది. నిన్నటి వానకు నాలుగవది కావలసివచ్చినది.