రుణం ఎట్ల తీరుతది?

అరవై ఒకటి నిండి కొలువు దిగుతున్న. సుబేదారి సన్మానసభలో గురువు రుణం తీరదన్నరు. ఏ గురువు రుణం? ఏకలవ్యుని బొటనవేలు కోరినాయనదా? చనిపోయిన మా అవ్వ కూడా పంతులమ్మే. ఊరి పిల్లలు ఆమె చెప్పిన అక్షరం తీసుకున్నరు, ఆమె చేతి నీళ్లు తాగలే. అయినా ఆమె ఎవరి వేలూ అడగలే. పలక మీద దిద్దించడానికే వేలు పట్టింది.

1848లో పూణెలో ఫూలే దంపతులు, 1910లో హైదరాబాద్ ఇసామియా బజారులో భాగ్యరెడ్డి వర్మ తెరిచిన బడుల వరుస ఆమెది. సావిత్రిబాయి పుట్టిన జనవరి 3ను 2025లో తెలంగాణ ప్రభుత్వం మహిళా ఉపాధ్యాయ దినోత్సవం చేసింది. అవ్వ చూడలే.

తీర్చేస్తే తెగిపోయేది అప్పు. అవ్వ ఇచ్చింది విత్తనం. విత్తనాన్ని ఇచ్చినోళ్లకు మళ్లియ్యం, చల్లుతం. వాడలో ఇంకో పిల్ల పంతులమ్మైన నాడే అవ్వకు అసలు సన్మానం.