మనోరోగి ‘వద్దు’ అన్నప్పుడు

మన ఇళ్ళ ఆడపిల్లలు నర్సింగ్ చదివి ఆసుపత్రుల్లో సేవ చేస్తున్నారు. అల్‌హమ్దులిల్లాహ్, ఇది సంతోషించదగ్గ విషయం. వారిలో కొందరికి మానసిక వైద్యశాలల్లో ఉద్యోగం దొరుకుతుంది. అక్కడ ఎదురయ్యే ప్రశ్నలు మిగతా వార్డుల ప్రశ్నల్లాంటివి కావు. జ్వరంతో ఉన్న రోగి మాత్ర వద్దంటే నర్సు బతిమాలుతుంది, వినకపోతే డాక్టరుకు చెబుతుంది, అంతటితో ఆమె పని అయిపోతుంది. మనోరోగి వద్దంటే మాత్రం చిక్కు వస్తుంది. ఆ ‘వద్దు’ రోగిదా, రోగానిదా? రాత్రి డ్యూటీలో డాక్టరు ఫోనులో ఉంటాడు, అటెండర్లు మంచం పక్కన సిద్ధంగా నిలబడి ఉంటారు. పట్టుకోమని చెప్పాలా, ఆగమని చెప్పాలా అన్నది ఆ సోదరి ఆ క్షణంలోనే తేల్చుకోవాలి. రేపు అల్లాహ్ సన్నిధిలో దానికి జవాబు కూడా చెప్పుకోవాలి.

ఇది ఆసుపత్రి గోడల మధ్య ఉండే ప్రశ్నే అనుకోకండి. మనోరోగి ఉన్న ఇంట్లో నర్సు పని చేసేది తల్లి, భార్య, లేదా పెళ్ళికాని అక్క. కూరలో మాత్ర పొడి కలిపేది, గది తలుపుకు బయటినుంచి గొళ్ళెం పెట్టేది వారే.

చాలామంది దగ్గర దీనికి జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది. మతిలేనివాడి మాటకు విలువేమిటి, షరీఅతే అతణ్ణి లెక్కలోంచి తీసేసింది కదా అంటారు. వారు ఆధారంగా చూపేది ప్రసిద్ధమైన హదీసే. నిద్రపోతున్నవాడు మేల్కొనే వరకు, పిల్లవాడు యుక్తవయస్సుకు వచ్చే వరకు, మతి తప్పినవాడికి మతి కుదురుకునే వరకు, ఈ ముగ్గురి మీద కలం ఎత్తివేయబడిందని దైవప్రవక్త (సఅసం) తెలిపారు (అబూదావూద్, తిర్మిజీ). కాని ఎత్తివేయబడిన ఆ కలం అతని పాపాలు రాసే కలం. అతని విషయంలో మనం చేసే పనులను రాసే కలం అలాగే నడుస్తోంది. నిద్రపోతున్న మనిషి జేబులో చెయ్యి పెట్టడం ధర్మసమ్మతమని ఎవరైనా అంటారా? అదే హదీసులో అతని పక్కనే ప్రస్తావించబడిన మనోరోగి విషయంలో మాత్రం మన మనస్సు వేరే తీర్పు ఇస్తుంది.

సహీహ్ ముస్లింలో హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన ఉంది. ఒక స్త్రీ మతిలో ఏదో లోపం ఉండేది. ఆమె వచ్చి తనకు మీతో పని ఉందని మహాప్రవక్త (సఅసం)తో చెప్పింది. ఆయన ఆమెను ఫలానావారి తల్లీ అని గౌరవంగా సంబోధించి, ఏ వీధిలో నిలబడి మాట్లాడుకుందామో ఆమెనే ఎంచుకోమన్నారు. ఆమె పని తీరే వరకు ఆమెతో నిలబడ్డారు. ఆమె ఏం చెప్పిందో ఉల్లేఖనంలో లేదు. అది పొంతన లేని మాటే అయి ఉండవచ్చు. వార్డులో రోగిని పేరుతో కాక మంచం నంబరుతో పిలిచే అలవాటున్నవారు ఈ హదీసును ఒకసారి చదవాలి.

మందు విషయానికి వద్దాం. మహాప్రవక్త (సఅసం) చివరి వ్యాధి రోజుల్లో ఇంట్లోవారు ఆయన నోటి పక్కనుంచి మందు పోశారు. దీన్ని అరబీలో ‘లదూద్’ అంటారు. వద్దని ఆయన సైగ చేశారు. రోగికి మందంటే ఉండే అయిష్టమేలే అనుకుని వారు పోసేశారు. ఆయన కాస్త తేరుకున్నాక, నేను మిమ్మల్ని వారించలేదా అని అడిగారు. ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరికీ తన కళ్ళ ముందే ఆ మందు పోయమని ఆదేశించారు. ఆ సమయంలో అక్కడ లేని హజ్రత్ అబ్బాస్ (రజి)ని మాత్రం మినహాయించారు. ఈ సంఘటనను హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు, ఇది బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. ఇది పగ తీర్చుకోవడం కాదు, మళ్ళీ అలా చేయకుండా క్రమశిక్షణ నేర్పడమని హాఫిజ్ ఇబ్నె హజర్ (రహ్మ) వ్యాఖ్యానించారు. పోసినవారు శత్రువులు కారు. ప్రాణం కంటే ఎక్కువగా ప్రేమించేవారు. ప్రేమతో చేసిన బలవంతం కూడా బలవంతమేనని దీనివల్ల తెలుస్తోంది.

దీనికి ఒక అభ్యంతరం రావచ్చు, అది సరైన అభ్యంతరమే. ఆయన (సఅసం) సంపూర్ణ వివేకం గల దైవప్రవక్త, వార్డులో ఉన్న రోగి అలాంటివాడు కాడు, ఈ రెంటికీ పోలికేమిటి? పోలిక రోగుల మధ్య కాదు, మందు పోసేవారి ఆలోచనలో ఉంది. వద్దన్నది వినగానే ‘రోగులు అలాగే అంటారు’ అని తోసిపుచ్చే అలవాటు ఆ సంఘటనలో తప్పుపట్టబడింది. పైగా మన ఫుఖహా మతిభ్రమణాన్ని ఒకే రంగుతో చూడలేదు. ఎడతెగనిది వేరు, వచ్చి పోయేది వేరు. మతి కుదురుగా ఉన్న వ్యవధిని వారు ‘ఇఫాఖా’ అన్నారు. ఆ వ్యవధిలో మజ్నూన్ చేసుకున్న క్రయవిక్రయాలు కూడా చెల్లుతాయి. అంటే ఈ రోగి మాటకు ఇప్పుడు, ఈ విషయంలో ఎంత విలువ ఉందని ప్రతిసారీ కొత్తగా అడగాలి. తన అన్న తనకు విషం పెడుతున్నాడని నమ్మే రోగి కూడా, ఈ ఇంజెక్షన్ వేస్తే తన మెడ బిగుసుకుపోతోందని చెప్పినప్పుడు నిజమే చెబుతుండవచ్చు. హాలోపెరిడాల్ వంటి మందులతో మెడ, దవడ కండరాలు బిగుసుకుపోవడం నర్సులందరికీ తెలిసిన దుష్ప్రభావం, దానికి విరుగుడు మందు కూడా ఉంది. ‘వద్దు’ వెనుక ఉన్న కారణం అడిగితేనే అది బయటపడుతుంది.

అలాగని రోగి వద్దంటే చేతులు కట్టుకుని కూర్చోవడం దయ కాదు. బ్లేడుతో తన చేయి కోసుకుంటున్నవాణ్ణి, పక్క మంచం మీది వృద్ధుడి గొంతు పట్టుకున్నవాణ్ణి ఆపకపోవడం పాపం. హాని చేయరాదు, హానికి గురికారాదు అన్నది షరీఅత్ మూల సూత్రం. అవసరం నిషిద్ధాన్ని సడలిస్తుంది, కాని అవసరం ఎంతో సడలింపు కూడా అంతే. మన దేశపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) చెప్పేది కూడా దాదాపు ఇదే. 2018 మే 29 నుంచి అది అమల్లో ఉంది. ముంచుకొచ్చిన హానిని ఆపడానికి వేరే దారి లేనప్పుడు మాత్రమే, మానసిక వైద్యుని అనుమతితో, అవసరమైనంత సేపే రోగిని కట్టి ఉంచవచ్చు. శిక్షగా కట్టరాదు. సిబ్బంది చాలలేదన్న కారణంతో కట్టరాదు. కారణం, ఎంతసేపు అన్నది రికార్డులో రాయాలి. రోగి తరఫు ప్రతినిధికి 24 గంటల్లో తెలపాలి. గొలుసులైతే ఏ రూపంలోనూ కూడదు. ‘ఈ రాత్రికి ఇద్దరమే ఉన్నాం, కట్టేద్దాం’ అని పై అధికారి అంటే, ఆదేశం రాసి ఇవ్వమని అడగడం నర్సు హక్కు. సృష్టికర్తకు అవిధేయత జరిగే చోట సృష్టిలో ఎవరికీ విధేయత లేదు కనుక అది ఆమె బాధ్యత కూడా అని నా అభిప్రాయం.

ఆ గొలుసుల మాట చట్టంలోకి ఊరికే రాలేదు. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, దర్గా ఉన్న ఊళ్ళోనే, ఒక ప్రైవేటు ఆశ్రయం అంటుకుంది. 28 మంది మనోరోగులు చనిపోయారు. గొలుసులతో కట్టి ఉండటంవల్ల పారిపోలేకపోయారు. స్వస్థత ఆశతోనే అయినవారు రోగులను ఆ ఊరికి తీసుకువెళ్ళేవారు. దుఆ చేయడం, ఖుర్ఆన్ పఠించి ఊదడం మనకు అనుమతించబడినవే. కాని చికిత్స చేయించుకోమన్నది కూడా ప్రవక్త (సఅసం) ఆదేశమే. జిన్ను పట్టిందని చెప్పి కర్రతో కొట్టే ఆమిల్‌కు ఈ రెంటిలో దేనితోనూ సంబంధం లేదు. 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన ఆసుపత్రిలో మనోరోగులకు ప్రత్యేక విభాగం ఉండేదని మన వక్తలు గర్వంగా చెబుతుంటారు. ఆ గర్వం సబబే. ఆ కాలపు ఆసుపత్రుల్లో ఉద్రేకపడే రోగులకు గొలుసులు వేసేవారన్న సంగతి కూడా చెబితే ఇంకా బాగుంటుంది.

కట్టవలసి వచ్చినప్పుడు ఒక విషయం మరవకూడదు. మూర్ఛవ్యాధి గల ఒక నల్లజాతి స్త్రీ దుఆ కోరి వచ్చినప్పుడు, సహనం వహిస్తే స్వర్గం, కోరితే స్వస్థతకై దుఆ అని ప్రవక్త (సఅసం) ఆమె ముందు రెండు దారులూ ఉంచారు. ఆమె సహనాన్నే ఎంచుకుంది. అయితే మూర్ఛ వచ్చినప్పుడు తన బట్టలు తొలగిపోకుండా దుఆ చేయమని అడిగింది, ఆయన చేశారు (బుఖారీ, ముస్లిం). వ్యాధిని భరిస్తాను గాని వివస్త్రను కాలేనన్నది ఆమె వేదన. ఉద్రేకంలో ఉన్న స్త్రీని నలుగురు మగ అటెండర్లు పట్టుకున్నప్పుడు ఆమె మీద ఒక దుప్పటి కప్పడానికి డాక్టరు ఆర్డరు అక్కర్లేదు. ఆ తర్వాత కట్లు బిగుసుకున్నాయేమో, ఊపిరి సరిగా ఉందో లేదో, దాహమేస్తోందా అని మాటిమాటికీ చూడటం కూడా నర్సు చేతిలోని అమానతే.

ఇక మందును దాచి పెట్టడం. ఇళ్ళల్లో ఎక్కువగా జరిగేది ఇదే. తల్లి ఉద్దేశం మంచిదే, ఆమెను నిందించడానికి నాకు మనసు రాదు. కాని ఆలోచించండి. తన తిండిలో ఏదో కలుపుతున్నారన్నదే ఎందరో రోగుల భ్రమ. ఒక రోజు టీ గ్లాసు అడుగున తెల్లటి పొడి కనిపిస్తే ఆ భ్రమ అతనికి రుజువైపోతుంది. ఆ తర్వాత ఆ ఇంటి నీళ్ళు కూడా తాగడు. పైగా రిస్పెరిడోన్ ద్రవాన్ని టీలో కలపకూడదని దాని తయారీదారులే చెబుతారు, మనవాళ్ళు కలిపేది టీలోనే! లిథియం వాడేవారి సంగతి ఇంకా సున్నితం. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో ఆ మందు మోతాదు పెరిగి చేతులు వణకడం, వాంతులు, మతి మందగించడం వస్తాయి. తనకు తెలియకుండానే లిథియం తింటున్న అమ్మాయి ఎండాకాలపు రమజాన్‌లో ఉపవాసం పడితే ఏమవుతుంది? తెలిస్తే డాక్టరును అడిగేది, వ్యాధిగ్రస్తులకు అల్లాహ్ ఇచ్చిన సడలింపును వాడుకునేది. దాచినందువల్ల ఆమెకు ఆ అవకాశమే లేకపోయింది. ప్రాణాపాయం ఉండి, వేరే దారి మూసుకుపోయి, డాక్టరు తెలిసి నిర్ణయించి, రికార్డులో రాస్తే అది వేరు సంగతి. వార్డులో నర్సు తనంతట తానుగా, రోజువారీ సౌలభ్యం కోసం అలా చేయడం నా దృష్టిలో ధర్మసమ్మతం కాదు.

దీనికి బదులు ఏం చేయవచ్చంటే, రోగి కుదురుగా ఉన్న రోజుల్లో అడగాలి. ఇఫాఖా వేళ చెప్పిన మాట చెల్లుతుందని ఫుఖహా అన్నారు. తనకు వ్యాధి తిరగబెడితే ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో, తన తరఫున ఎవరు మాట్లాడాలో ముందుగానే రాసి పెట్టుకునే వీలు 2017 చట్టం కూడా ఇచ్చింది. అత్యవసర చికిత్సకు అది అడ్డు కాదు. డిశ్చార్జి రోజున, మందుల చీటీ చేతిలో పెట్టేటప్పుడు, నర్సు సోదరి పది నిమిషాలు కూర్చుని అడగవచ్చు: ఏ మందు పడలేదు, కోపం వచ్చినప్పుడు ఎవరి మాట వింటావు, ఎవరు దగ్గరకు రాకూడదు, సూది వేయక తప్పకపోతే ఎవరు చేయి పట్టుకోవాలి. ఆ కాగితం ఒకటి కేసు ఫైలులో, ఇంకొకటి ఇంట్లో మందుల డబ్బాలో ఉండాలి.