సిగ్గు నరాన్ని తెంచవచ్చా?

భరతుడి నాట్యశాస్త్రం ఎనిమిది సాత్త్విక భావాలను చెప్పింది. చెమట పట్టడం అందులో ఒకటి, ముఖం రంగు మారడం మరొకటి. మనసు లగ్నం కానిదే ఇవి పలకవంటాడు భరతుడు. కూచిపూడిలో సాత్త్వికాభినయానికి మూలం ఇదే. మనిషి మాటతో దాచినా మేను బయటపెట్టే సాక్ష్యాలివి.

ఆ సాక్ష్యాన్ని నేడు శస్త్రచికిత్సతో ఆపేయవచ్చు. చంక దగ్గర ఒకటి రెండు చిన్న గాట్లు పెట్టి, ఆ వైపు ఊపిరితిత్తిని కాసేపు ముడుచుకోనిచ్చి, సన్నని కెమెరాను ఛాతీలోకి పంపుతారు. వెన్నెముక పక్కన పక్కటెముకల మీదుగా దిగే సింపథెటిక్ నరాల గొలుసు తెర మీద కనిపిస్తుంది. రెండో, మూడో పక్కటెముక దగ్గర దాన్ని తెంచుతారు, లేదా క్లిప్ వేస్తారు. చాలామందికి ఆపరేషన్ బల్ల మీదే అరచేతులు పొడిబారతాయి.

ఛాతీలోకి గొట్టం దించి చూసే పద్ధతిని 1910లో ప్రకటించిన యాకొబేయస్ స్వీడన్ వైద్యుడు. తర్వాత దాన్ని క్షయ రోగులకు వాడాడు. అదే స్వీడన్‌లో 2002 నాటికి, ముఖం ఎర్రబడకుండా నరం తెంచిన 831 మంది ఫలితాలు ప్రచురితమయ్యాయి. క్షయ నుంచి సిగ్గు దాకా వచ్చింది ప్రయాణం!

అరచేతి చెమటకు పరీక్ష పేపరు తడిసిపోయే విద్యార్థిది రోగమే. ఆ బాధ తీర్చడంలో ధర్మసందేహం లేదు. సిగ్గు సంగతి వేరు. ముఖం ఎర్రబడటం మనిషికే ప్రత్యేకమైనదని డార్విన్ 1872లో రాశాడు. పొరపాటు చేసి ముఖం ఎర్రబడిన వ్యక్తి పట్ల చూసేవారికి సదభిప్రాయం పెరుగుతుందని 2009లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూపారు. అంటే ఆ ఎరుపు నోరు తెరవకుండానే అడిగే క్షమాపణ. నరం తెంచినంత మాత్రాన తప్పు చేశానన్న బాధ పోదు. అది ఎదుటివారికి చేరే దారి మూసుకుపోతుంది.

ఏ తప్పూ లేకుండానే, నలుగురిలో నోరు విప్పితే చాలు ముఖం కందిపోయి కుమిలిపోయేవారూ ఉన్నారు. వారి వేదన నిజం. అయినా వారికి ముందు అందాల్సింది ఆ భయాన్ని తగ్గించే మానసిక చికిత్సే తప్ప కత్తెర కాదు.

పైగా శరీరం ఊరుకోదు. చేతుల్లో ఆగిన చెమట వీపునా, పొట్ట మీదా, తొడల్లోనూ పొంగడం ఈ ఆపరేషన్ తర్వాత తరచూ కనిపించేదే. కొందరికి అది మొదటి బాధకన్నా దుర్భరం. తెంచిన నరాన్ని మళ్లీ మామూలు స్థితికి తేగలమన్న హామీ లేదు. క్లిప్ తీసినా అంతే. ఈ రెండు సంగతులూ సర్జన్ నోట స్పష్టంగా వినకుండా ఎవరూ అంగీకార పత్రం మీద సంతకం చేయకండి.